పొట్లం కట్టి ఇచ్చిన దుమ్ము

గత నెల పదమూడో తారీఖు, ఆదివారం. వారానికొకసారి గోడగడియారానికి కీ ఇవ్వడం నాకు అలవాటు. ఏడింటికి కీ ఇచ్చి స్టూలు దిగుతుండగా ఫోన్ మోగింది. మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరుగా పనిచేసిన సూర్యారావు.

"అమ్మగారూ, కెమెరా మేస్త్రి గారు పోయేరంటండీ."

"ఎప్పుడు?"

"మొన్న శుక్రవారమండీ. రాజోలు దగ్గర వాళ్ళావిడ ఊళ్ళోనే ఉంటన్నారు కదండీ. భూస్థాపన కూడా అయిపోయిందంట."

దిగి అదే స్టూలు మీద కూర్చున్నాను. వాడే మళ్ళీ అన్నాడు. "ఆ రోజు నేనూ నోరెత్తలేదు కదండీ."

ఏ రోజో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. 2007 సెప్టెంబరు 24, సోమవారం, మధ్యాహ్నం మూడు గంటలు.

ఆయన పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయడం లేదు. రాయవలసిన చోట రాయలేదు, ఇప్పుడు ఇక్కడ రాసి ప్రయోజనం లేదు.

అమలాపురంలో గడియార స్తంభం దగ్గర నుంచి మార్కెట్టు వైపు వెళ్ళే ఒక సందులో, టైలరు షాపుకీ కొబ్బరితాళ్ళ కొట్టుకీ మధ్య, ఆరడుగుల వెడల్పు గది ఆయన దుకాణం. తండ్రి అక్కడే వాచీలు బాగుచేసేవారట. ఈయన కెమెరాల్లోకి దిగారు. నేను మొదటిసారి వెళ్ళింది 1994లో, సైన్స్ ఎగ్జిబిషను ముందు, కాలేజీ ఫిల్ము కెమెరా పట్టుకుని. అప్పటి నుంచి 2007 సెప్టెంబరు వరకూ తొమ్మిదిసార్లు వెళ్ళాను. ఆ తర్వాత రెండుసార్లు. మొత్తం పదకొండు.

ఎవరు వచ్చినా ముందు లేచి, భుజం మీది తువ్వాలు తీసి, స్టూలు తుడిచేవారు. స్టూలు మీద దుమ్ము ఉన్నా లేకపోయినా తుడిచేవారు. "కూర్చోండి" అన్నాక కెమెరా అందుకునే ముందు తన చేతులు చూసుకునేవారు, తర్వాత మన చేతులు చూసేవారు. కోనసీమలో ప్రతి కెమెరాకీ కొబ్బరినూనె జబ్బేనని ఆయన నమ్మకం. ఫొటోగ్రాఫరు పొద్దున్నే తలకు రాసుకుంటాడు, అదే చేత్తో కెమెరా పట్టుకుంటాడు, మీట సందుల్లోంచి నూనె లోపలికి దిగుతుంది. ఊరంతా నున్నగా దువ్వుకున్న తలలైతే ఈయన తల మాత్రం ఎండుగడ్డిలా రేగి ఉండేది. యాభై ఏళ్ళ మనిషి తన వృత్తి కోసం తలకు నూనె మానేశాడని తెలిసినప్పుడు నాకు గౌరవం కలిగింది. నేను అంత తేలిగ్గా ఎవరినీ గౌరవించే మనిషిని కాదు.

ఆ మొదటిరోజు, "షట్టర్ పాడైందండీ," అన్నాను.

"పాడైందని చెప్పకండమ్మగారూ. ఏం చేసిందో చెప్పండి."

"నొక్కితే పడటం లేదు."

"అసలు పడట్లేదాండీ, పడి లేవట్లేదాండీ?"

నాకు తెలియదు. ఫిజిక్స్ చెప్పే మనిషిని, తెలియదని ఒప్పుకోవలసి వచ్చింది. ఆయన నన్నే నొక్కమని, కళ్ళు మూసుకుని విన్నారు. ఆరుసార్లు నొక్కించారు. అప్పుడు రెండో ప్రశ్న అడిగారు. ఆ దుకాణానికి వెళ్ళిన ప్రతివాళ్ళూ ఎదుర్కొన్న ప్రశ్న అది.

"పాడయ్యే ముందు ఏం చేసేరండీ?"

"ఏం చేయలేదు."

ఆయన దగ్గర పొడుగాటి పుస్తకం ఉండేది. తారీఖు, కెమెరా, దోషం, చివరి గడిలో ఈ ప్రశ్నకు జవాబు. నేను ఆ పేజీ చూశాను. పై నుంచి కింది దాకా పద్దెనిమిది వరసల్లో పదిహేడింట 'ఏం చేయలేదు' అనే ఉంది. ఒక్కదాంట్లో 'కాలవలో పడింది'.

"ఈయనొక్కడే నిజం చెప్పేడాండీ?" అన్నాను.

"ఆయ్. ఆయన కూడా కాలవలో పడ్డాడు కదండీ, బట్టలు తడిసే ఉన్నాయి. దాయటానికి వీల్లేక చెప్పేడు."

మర్నాడు కెమెరాతో పాటు ఒక కాగితం పొట్లం ఇచ్చారు. విప్పితే ఎండిపోయిన నల్లచీమ. పొట్లం మీద తారీఖు. కెమెరా లోపల ఏం దొరికినా పారేయకుండా పొట్లం కట్టి సొంతదారుకి ఇవ్వడం ఆయన పద్ధతి. ఇసక రేణువు, అక్షింత ముక్క, పసుపు, విరిగిన స్ప్రింగు, ఏదైనా సరే. "మీ వస్తువులో దొరికింది మీదేనండీ. నా దగ్గరుంటే నేనే వేసేనంటారు," అనేవారు. నేను ఆ చీమను కూడా పారేయలేదు.

ఆ గదిలో బల్ల మీద చిన్న నలుపు తెలుపు టీవీ ఉండేది. పొద్దంతా వెలుగుతూనే ఉండేది, చప్పుడు మాత్రం ఉండేది కాదు. పక్క టైలరు ఆయనకు సీరియళ్ళ పిచ్చి అని అందరికీ చెప్పేవాడు. నిజానికి అది ఆయన షట్టర్ వేగం కొలిచే పరికరం. కెమెరా వెనక తలుపు తెరిచి, టీవీకి ఎదురుగా పెట్టి, వెనక నుంచి చూస్తూ నొక్కేవారు. టీవీ బొమ్మ పై నుంచి కిందికి సెకనుకి యాభైసార్లు గీయబడుతుంది. షట్టర్ తెరుచుకున్న కొద్దిసేపట్లో గీసినంత మేరే కంటికి వెలుగు పట్టీలా కనిపిస్తుంది. వేగం పెంచేకొద్దీ పట్టీ సన్నబడాలి. సన్నబడకపోతే షట్టర్ బద్ధకిస్తున్నట్టు. ఈ లెక్క నేను బోర్డు మీద వేసి చెప్పగలను. ఆయన ఎవరూ చెప్పకుండా కనిపెట్టారు, ప్లాస్టిక్ స్కేలుతో కొలిచి గోడ మీద పెన్సిలుతో రాసుకున్నారు. నేను ఇంటికి వెళ్ళి లెక్క వేసి చూశాను. ఒక్కచోటే తేడా వచ్చింది. మళ్ళీ వేస్తే ఆ తప్పు నాది.

పెళ్ళిళ్ళ రోజుల్లో రాజోలు నుంచీ కొత్తపేట నుంచీ స్టూడియోల వాళ్ళు కెమెరాలు పట్టుకుని బస్సు దిగేవారు. మాఘమాసంలో రోజుకు రెండు తక్కువ కాకుండా వచ్చేవని ఆయన పుస్తకమే చెప్పేది. 2006 మాఘమాసానికి మొత్తం నాలుగు వచ్చాయి. అప్పటికి స్టూడియోలన్నీ డిజిటల్‌కి మారిపోయాయి. అవి పాడైతే హైదరాబాదు పంపేవారు. ఈయన ఖాళీగా కూర్చుని గోడగడియారాలు బాగుచేస్తున్నారు.

ఆ ఏడాదే మా కాలేజీకి ఒక కెమెరా వచ్చింది. మా పూర్వ విద్యార్థిని ఒకామె విదేశంలో ఫొటోలు తీసే వృత్తిలో ఉంది. తన పాత కెమెరా కాలేజీకి ఇచ్చింది. డిజిటల్ రేంజ్‌ఫైండర్. కంటి దగ్గరి కిటికీలో ఒకే వస్తువు రెండు బొమ్మలుగా కనిపిస్తుంది. కటకం చుట్టూ ఉన్న వలయం తిప్పి రెండింటినీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. లోపల ఫిల్ము లేదు, డిజిటలే. కానీ పైన వేగం తిప్పే చక్రం ఉంది, షట్టర్ బిగించడానికి ప్రతిసారీ బొటనవేలితో లాగే మీట ఉంది. ల్యాబు సామానుకి బాధ్యురాలిని నేను. స్టాకు రిజిస్టర్లో ఎక్కించి, బీరువాలో పెట్టి, తాళం నా దగ్గర పెట్టుకున్నాను.

మా ఊళ్ళో వానాకాలం అద్దాలను తినేస్తుంది. అప్పటికే మూడు మైక్రోస్కోపుల కటకాలకు బూజు పట్టింది. చెమ్మ పీల్చే నీలం గుళికలు కావాలని రెండుసార్లు రాసి ఇచ్చాను, రాలేదు. మైక్రోస్కోపు కటకాలను బియ్యం డబ్బాలో పెట్టి ఒక వానాకాలం కాపాడుకున్నాను. మా ఇళ్ళల్లో వాచీలు తడిసినా, రేడియో మూగబోయినా బియ్యంలోనే పెడతాం. 2007 జులైలో కెమెరాని కూడా పల్చటి గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టమని సూర్యారావుకి చెప్పాను. మైక్రోస్కోపు కటకంలో కదిలే రేకులు లేవనీ, షట్టర్లో ఉన్నాయనీ నేను ఆలోచించలేదు. ఆలోచించడం నా ఉద్యోగం.

ఆగస్టు 28న కొత్తగా చేరిన అమ్మాయిలకు గ్రూప్ ఫొటో తీశాను. నలభై ఇద్దరిలో వెనక వరస పద్నాలుగు మందికి తలలు లేవు. ఫొటో పైభాగమంతా నల్లటి పట్టీ. దోషం కనిపించిన రోజునే రిజిస్టర్లో రాయాలి, దోషంతో పాటు కారణం కూడా రాయాలి. నేను అక్టోబరు 31న రిటైరవుతున్నాను. సామానంతా సరిగ్గా ఉందని కమిటీ సంతకం పెడితేనే నా పెన్షను కాగితాలు కదులుతాయి. ముందు బాగుచేయించి తర్వాత రాద్దామనుకున్నాను. సెప్టెంబరు 11న 'తనిఖీ నిమిత్తం బయటకు' అని రాసి, ఆయన దగ్గరకు తీసుకెళ్ళాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆగస్టు 28 మాత్రం లేదు.

ఆయన స్టూలు తుడిచారు. కెమెరా అందుకుని తిప్పి చూశారు. వెనక తలుపు కోసం వేలితో తడిమారు.

"తలుపు లేదండీ దీనికి."

"డిజిటల్ కదా."

"ఆయ్. కానీ మీట ఉందండీ." మీట లాగి నొక్కారు. ఆ శబ్దం విని ఆయన ముఖం మారిపోయింది. చాలాకాలం తర్వాత ఇంటి మనిషి గొంతు విన్నట్టు ఉంది ఆ ముఖం. "అమ్మగారూ, ఇది పైకి డిజిటలేనండీ. లోపల మన షట్టరే."

ఆ తర్వాతి నాలుగు గంటలూ నా జీవితంలో నేను చూసిన అతి మంచి ల్యాబు క్లాసు. ముందు బ్యాటరీ మార్చారు. దాని కాంటాక్టులు తుడిచారు. "గుమ్మంలో దొంగని వదిలేసి పెరట్లో వెతక్కూడదండీ," అన్నారు. తర్వాత ఎదుటి సున్నపు గోడను ప్రతి వేగం మీదా పదేసిసార్లు తీశారు. నేను లెక్క రాశాను. సెకనులో రెండువందల యాభయ్యో వంతు దాకా దోషం లేదు. ఐదువందల మీద పదింట రెండు. వెయ్యి మీద ఏడు. రెండువేల మీద పదికి పది.

"లోపల ఫిల్ము బదులు ఫొటో పట్టే బిళ్ళదైతే అన్ని వేగాల మీదా నలుపు రావాలి కదండీ. వేగం పెరిగితేనే వస్తంది. కాబట్టి అది కాదు."

"కటకం కావచ్చు కదా?"

"మార్చి చూద్దారండీ." కటకంలోని రంధ్రం చిన్నది చేశారు, పెద్దది చేశారు. పట్టీ కదల్లేదు. కెమెరాని తలకిందులు చేసి తీశారు. ఈసారి గోడ అడుగుభాగం నల్లబడింది. "కెమెరాతో పాటే తిరిగింది. గోడది కాదు, ఎండది కాదు. దీన్లోదే. ముందు తెరుచుకునే రేకులు నెమ్మదిగా నడుస్తన్నాయండీ, వెనక మూసే రేకులు తరుముకొచ్చి చివర్లో పట్టేసుకుంటన్నాయి. రేకుల మధ్య ఏదో చేరింది." అప్పుడు పుస్తకం తెరిచి, కలం పట్టుకుని, నా వైపు చూడకుండా అడిగారు. "పాడయ్యే ముందు ఏం చేసేరండీ?"

"ఏమీ చేయలేదు," అన్నాను.

రాసుకున్నారు.

మర్నాడు గుమ్మానికి తడిపిన దుప్పటి కట్టారు, పక్క కొట్టులోంచి కొబ్బరిపీచు ఎగిరి రాకుండా. బల్ల మీద మూడు ఇడ్లీ రేకులు వరసగా పెట్టారు. కెమెరా విప్పేటప్పుడు ఒక్కొక్క దశలో వచ్చిన మరలు ఒక్కొక్క గుంటలో వేయడం ఆయన పద్ధతి. తిరిగి బిగించేటప్పుడు చివరి గుంట నుంచి మొదలుపెడతారు. "అమ్మగారూ, మీరు లెక్క చెప్తంటే నేను ఇప్పుతానండీ. డిజిటల్‌ది నేనెప్పుడూ ఇప్పలేదు. భయంగానే ఉంది," అన్నారు. పదకొండు గుంటల్లో ముప్ఫై ఏడు మరలు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను.

షట్టర్ బయటకు వచ్చాక భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. పట్టుకారుతో ఏదో తీసి తెల్లకాగితం మీద పెట్టారు. బూడిదరంగు పొడి. దాని మధ్య ఆవగింజలో సగం ఉన్న తెల్లటి ముక్క. ఆయన నవ్వారు.

"కెమెరాకి అన్నప్రాసన చేసేరాండీ?"

నూక గింజ అది. మిగతాది తవుడు.

నాతో వచ్చిన సూర్యారావు గుమ్మం దగ్గర ఉన్నాడు. వాడు కూడా నవ్వబోయి నా ముఖం చూసి మానేశాడు.

"ఫిజిక్స్ ల్యాబులో బియ్యం ఎందుకుంటాయి?" అన్నాను. క్లాసులో వాడే గొంతుతో అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. "తప్పేనండీ. అలా అనకూడదు." మళ్ళీ పనిలో పడ్డారు. కాసేపయ్యాక రేకులు దులుపుతూ, ఎవరితోనో అన్నట్టు, "బియ్యంలో పెడితే చెమ్మ పోద్దండీ, నిజమే. కానీ తవుడు ఉంటాది. ఎవరైనా పెడతంటే పెట్టద్దని చెప్పండి," అన్నారు. ఆ 'ఎవరైనా' నా కోసం ఆయన వేసిన స్టూలు. నేను కూర్చోలేదు.

సెప్టెంబరు 14, శుక్రవారం సాయంత్రం కెమెరా ఇచ్చారు. రెండువేల మీద పదికి పది ఫొటోలూ శుభ్రంగా వచ్చాయి. నేనే తీసి చూశాను. పొట్లం కూడా ఇచ్చారు, పైన తారీఖు. అప్పుడు తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మగారూ, ఓ కాగితం కావాలండీ. కాలేజీ పేరున్న కాగితం మీద రెండు ముక్కలు. ఈ డిజిటల్ కెమెరా ఈ మేస్త్రి బాగుచేసేడు అని."

"ఎందుకు?"

"స్టూడియోల వాళ్ళు డిజిటల్‌ది నా చేతికివ్వట్లేదండీ. వాచీల మేస్త్రికేం తెలుసంటన్నారు. మీ కాగితం గోడకుంటే ఇస్తారండీ. లేదంటే ఈ కొట్టు తీసెయ్యాల్సిందేనండీ."

"సోమవారం తెచ్చి ఇస్తాను," అన్నాను.

"మీరన్నారంటే ఇక చూసుకోనక్కర్లేదండీ."

మర్నాడు వినాయకచవితి సెలవు. ఆ సాయంత్రమే కాలేజీకి తిరిగి వెళ్ళి కెమెరా సూర్యారావు చేతికిచ్చి ఇంటికి వచ్చేశాను. దాన్ని ఎక్కడ పెట్టమనీ చెప్పలేదు, ఎక్కడ పెట్టవద్దనీ చెప్పలేదు. బియ్యంలో పెట్టవద్దని చెప్తే అంతకుముందు పెట్టించిన తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. వాడి ముందు అప్పటికే ఒకసారి కాదన్నాను. వాడు జులై నుంచి నేను చెప్పిన ప్రకారమే చేస్తున్నాడు. ఆ రోజు కూడా చేశాడు.

సోమవారం 17న, కాగితానికి సంతకం కావాలంటే, ప్రిన్సిపాల్ గారు తల ఎత్తకుండా, "అసలు పాడెప్పుడైంది మేడమ్? ఎలా పాడైంది? అది కూడా రాసి తీసుకురండి," అన్నారు. రాసి తీసుకెళ్ళలేదు. కమిటీ తనిఖీ అయిపోయాక చూద్దామనుకున్నాను. వారమే కదా.

వారానికి, 24వ తారీఖున, కమిటీలో ఒకాయన కెమెరా తీసి కిటికీ వైపు పెట్టి నొక్కారు. సగం ఫొటో నల్లగా వచ్చింది. రిజిస్టర్ తెరిచారు. నా దస్తూరీ చదవడానికి ఎవరికీ కష్టం లేదు. పదకొండున తనిఖీకి బయటకు. పద్నాలుగున వాపసు. అంటే వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. మూడు గంటలకు ఆయన్ని పిలిపించారు.

ఆ గదిలో ఏడు కుర్చీలున్నాయి. మేం నలుగురం కూర్చున్నాం. మూడు ఖాళీ. ఆయన్ని కూర్చోమని ఎవరూ అనలేదు. నేను కూడా.

"కెమెరా విప్పేవా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఇప్పేనండీ."

"డిజిటల్ కెమెరా విప్పడం నీకెవరు నేర్పేరు?"

"ఎవరూ లేదండీ. షట్టర్ మామూలేనండీ."

"పక్కన కొబ్బరితాళ్ళ కొట్టు. ఆ పీచంతా లోపలికి పోయుంటాది," అన్నారు కమిటీ ఆయన.

"పీచు కాదండీ. ముందే దుమ్ముందండీ. అది తీసి బాగుచేసేను. ఏం దొరికిందో అమ్మగారికి పొట్లం కట్టి ఇచ్చేనండీ. తారీఖు కూడా వేసేను."

అందరూ నా వైపు తిరిగారు. నా చేతిసంచి నా ఒళ్ళో ఉంది. పొట్లం చేతిసంచిలో ఉంది. గుమ్మం దగ్గర సూర్యారావు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏం పొట్లం మేడమ్?"

"నాకు గుర్తు లేదు," అన్నాను.

ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో ఆ మాట నేను అన్నది అదొక్కసారే. ఏ పరికరం ఏ నెలలో వచ్చిందో, ఏ అమ్మాయి ఏ తారీఖున బీకరు పగలగొట్టిందో పుస్తకం చూడకుండా చెప్పే మనిషినని ఆ గదిలో అందరికీ తెలుసు. అందుకే ఆ మాట అంత బాగా పనిచేసింది.

"మేడమ్‌కి గుర్తు లేదంటే అది లేనట్టే," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఆయన నన్ను చూశారు. కోపంగా చూస్తే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదేమో. సున్నపు గోడ ఫొటోలు చూసినట్టు చూశారు, నలుపు ఏ వేగం దగ్గర మొదలైందో చూస్తున్నట్టు.

"అయితే నేనే పొరబడి ఉంటానండీ," అన్నారు. "ఏదో గాలిలో దుమ్మేనండీ."

నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. రిజిస్టర్లో 'స్థానిక మరమ్మతులో చెడినది' అని రాశారు. రాసింది నేనే, ప్రిన్సిపాల్ గారు చెప్తుంటే. దీపావళి లోపల ఆ మాట స్టూడియోలన్నిటికీ చేరింది. నా పెన్షను కాగితాలు అనుకున్న తారీఖుకే వచ్చాయి.

డిసెంబరు పదిన మా గోడగడియారం పట్టుకుని వెళ్ళాను. ముందు తలుపు అద్దం పగిలింది. అద్దం ఎవరైనా వేస్తారు. ఆయన దగ్గరకే ఎందుకు వెళ్ళానో నాకు తెలుసు. చెబుదామని వెళ్ళాను.

"రండమ్మగారూ," అన్నారు. లేచారు. స్టూలు చూపించారు. తువ్వాలు భుజం మీదే ఉంది. తుడవలేదు.

టీవీ ఆపేసి ఉంది. దాని పైన గోడకు ఒక కొత్త మేకు మెరుస్తూ కనిపించింది. దానికి ఏమీ తగిలించి లేదు. గడియారం అందుకున్నారు. పుస్తకం తెరవలేదు. ఎలా పగిలిందని అడగలేదు. 'పాడయ్యే ముందు ఏం చేసేరండీ' అని అడిగితే ఆ రోజు మొత్తం చెప్పేసి ఉండేదాన్నని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది నిజమో కాదో తేల్చే పరీక్ష లేదు.

గంటలో అద్దం వేసి ఇచ్చారు.

"లోపల ఏమైనా దొరికిందా?" అన్నాను.

"ఏం లేదండీ."

పొట్లం ఇవ్వలేదు. పదమూడేళ్ళలో మొదటిసారి.

మళ్ళీ 2009 మార్చిలో వెళ్ళాను. గది ఖాళీ. టైలరు, "రాజోలు వైపు వెళ్ళిపోయేరండీ. ఏం పని చేస్తన్నారో తెలీదు," అన్నాడు. గోడ మీద పెన్సిలు లెక్కలున్నాయి. మేకు ఉంది.

సూర్యారావు ఫోన్ చేసిన నాలుగోరోజు, అంటే బుధవారం, రాజోలు బస్సెక్కాను. వెళ్ళే ముందు తెల్లకాగితం మీద రెండు ముక్కలు రాశాను. ఫలానా తారీఖున ఫలానా కెమెరా షట్టర్ దోషాన్ని ఫలానా వారు సరిచేశారనీ, తిరిగి పాడవడానికి కారణం నేను బియ్యంలో పెట్టించడమేననీ. ఆయన పేరు పూర్తిగా రాశాను, ఇంటిపేరుతో సహా. కింద సంతకం, తారీఖు.

వాళ్ళావిడ అరుగు మీద కూర్చుని ఉన్నారు. నేనెవరో చెప్పాను. "తెలుసండీ," అన్నారు. లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చారు. కాగితం ఇస్తే కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. మడత పెట్టి నా చేతికే ఇచ్చారు.

"ఇప్పుడిది ఎవరికి చూపించమంటారండీ?"

కాగితం చేతిసంచిలో పెట్టుకున్నాను.

"ఆయనకి బియ్యం సంగతి తెలుసా?" అన్నాను.

"మొదటిరోజే తెలుసండీ. కెమెరా ముందు మూత తియ్యగానే తవుడు వాసన వచ్చిందన్నారు. అమ్మగారు ఒప్పుకోరు, పెద్దావిడ, సిగ్గుపడతారు, కాగితం మాత్రం ఇస్తారన్నారు." ఆవిడ గొంతు పెంచలేదు. "సోమవారం ఇస్తారని మీరన్నారంట కదండీ. శనివారం ఫ్రేము కొనుక్కొచ్చేరు, అద్దంతో. ఆదివారం చర్చి నుంచి వచ్చి స్కేలు పెట్టి కొలిచి మేకు కొట్టేరు. టీవీకి సరిగ్గా పైన, వచ్చినోళ్ళకి ముందదే కనపడాలని."

"ఆ ఫ్రేము ఉందా?" అన్నాను. ఎందుకు అడిగానో తెలియదు. అందులో పెడదామనుకున్నానేమో.

"లేదండీ. చెక్క పొయ్యిలోకి పోయింది." కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకున్నారు. "అద్దం మీ గడియారానికే వేసేరు కదండీ. సరిగ్గా సరిపోయిందన్నారు."

తిరుగు బస్సు నాలుగు ఇరవైకి. ఇల్లు చేరేసరికి ఆరు దాటింది. లైటు వేసి గోడ వైపు చూశాను. ప్రతి ఆదివారం కీ ఇచ్చాక నేను ఆ అద్దం తుడుస్తాను. 2007 డిసెంబరు నుంచి ఒక్క వారం కూడా తప్పలేదు.